క్యాసెట్టు నుంచి కమాండు దాకా

పాత పెళ్లి క్యాసెట్టును కంప్యూటర్లోకి ఎక్కించాలనుకునే వారికి ఎవరో ఒకరు ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ పేరు చెబుతారు. ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్. బటన్లు లేవు, మెనూలు లేవు. నల్లటి విండోలో ఒక్క వరుస టైపు చేసి ఎంటర్ కొట్టడమే. ఆ వరుస దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మొదట క్యాసెట్టు నుంచి పట్టిన ఫైలు పేరు, ఆ తర్వాత యాడిఫ్ అనే ఫిల్టరు, దాని పక్కన 1 అనే అంకె, లిబ్‌ఎక్స్264 అనే ఎన్‌కోడరు, ప్రీసెట్ స్లో, సీఆర్‌ఎఫ్ 18, రంగుల దగ్గర 420, ఆఖరున కొత్త ఫైలు పేరు. చాలామంది దాన్ని ఎక్కడినుంచో తెచ్చి అతికించేస్తారు. కొంతసేపటికి ఫైలు తయారవుతుంది. అందులో ఏం మిగిలింది, ఏం పోయింది అన్నది మాత్రం చూసేవాళ్లు తక్కువ.

ఆ వరుసలో ఏ అంకె కూడా ఊరికే వచ్చి కూర్చోలేదు. ఒకటి కరెంటు సరఫరా నుంచి వచ్చింది, ఒకటి ఫిల్మ్ ఖరీదు నుంచి, ఒకటి మనిషి కంటి బలహీనత నుంచి, ఇంకొకటి ఎవరూ డబ్బివ్వని ఒక పరిశోధన నుంచి. సెట్టింగులన్నీ పాత కాలపు సర్దుబాట్లే. అవి ఎందుకు చేసుకున్నారో తెలిస్తే ఏ అంకె పెట్టాలో దానంతటదే తేలుతుంది. తెలియకపోతే ఎంత ఖరీదైన కంప్యూటరున్నా అసలుకే ఎసరు.

ఇంటి ముచ్చట్లను సినిమాగా తీసుకోవడం క్యాసెట్టుతో మొదలైంది కాదు. 1923లో కొడాక్ కంపెనీ ఇళ్లలో వాడుకోవడానికి 16 ఎంఎం కెమెరా తెచ్చింది. అది ఉన్నవాళ్లకే అందేది. 1932లో 8 ఎంఎం వచ్చింది. దాంట్లో ఒక పొదుపు కిటుకు ఉంది: కెమెరాలో పెట్టేది నిజానికి 16 ఎంఎం వెడల్పు ఫిల్మే. ఒక సగం మీద తీసి, రీలు తిప్పి పెట్టి, రెండో సగం మీద తీసేవారు. కడిగాక ల్యాబులో నిలువునా చీల్చి రెండు ముక్కలనూ అతికిస్తే యాభై అడుగుల రీలు అయ్యేది. అడుగుకు 80 ఫ్రేములు, సెకనుకు 16 ఫ్రేములు. లెక్క వేస్తే నాలుగు నిమిషాల పైచిలుకు. 1965లో వచ్చిన సూపర్ 8కి అడుగుకు 72 ఫ్రేములు, సెకనుకు 18. ఒక క్యాట్రిడ్జికి మూడు నిమిషాల ఇరవై సెకన్లు. పుట్టినరోజు పండుగ మొత్తం ఆ మూడు నిమిషాల్లోనే సర్దాలి.

హాలు సినిమా సెకనుకు 24 ఫ్రేములతో నడుస్తుంటే ఇంటి సినిమాకు 16, 18 ఎందుకు? ఫిల్మ్ ఖరీదు. ఎన్ని ఫ్రేములు తగ్గితే అంతసేపు ఎక్కువ తీయవచ్చు. మాటలు రికార్డు చేసే అవసరం లేదు కాబట్టి కంటికి కదలిక కనిపిస్తే చాలనుకున్నారు. ఇప్పుడు ఆ రీలును స్కాన్ చేసి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కు ఇచ్చేటప్పుడు ఫ్రేమ్‌రేటు దగ్గర 16 అనో 18 అనో రాయాలి. 25 అని రాస్తే తాతయ్య వరండాలో పరుగులు పెడతాడు. పాత మూకీ సినిమాల్లో జనం గంతులేస్తూ నడిచినట్టు కనిపించడానికి చాలాసార్లు కారణం ఇదే.

ఈ చిన్న అంకె మీద ఒక దేశం ఆరా తీసిన సందర్భం కూడా ఉంది. 1963 నవంబర్ 22న డలాస్ నగరంలో అబ్రహాం జాప్రూడర్ అనే బట్టల వ్యాపారి తన 8 ఎంఎం బెల్ అండ్ హోవెల్ కెమెరాతో అధ్యక్షుడు కెన్నెడీ ఊరేగింపును తీస్తున్నాడు. కాల్పులు ఆ ఫిల్ములో పడ్డాయి. మొత్తం 486 ఫ్రేములు, ఇరవై ఏడు సెకన్లు కూడా లేదు. ఒక తూటాకూ మరో తూటాకూ మధ్య ఎంత వ్యవధి ఉందో తేల్చాలంటే కెమెరా ఎంత వేగంతో తిరిగిందో ముందు తెలియాలి. ఎఫ్‌బీఐ ఆ కెమెరానే పరీక్షించి సెకనుకు సగటున 18.3 ఫ్రేములని తేల్చింది. కెన్నెడీ హత్యను విచారించిన వారెన్ కమిషన్ వేసిన కాలం లెక్కలన్నీ ఆ అంకె మీదే నిలబడ్డాయి. 1994లో ఆ ఫిల్మును అమెరికా జాతీయ చలనచిత్ర పట్టికలో చేర్చారు. రెండేళ్ల తర్వాత ఇంకో ఇంటి సినిమా ఆ పట్టికకెక్కింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో జపాన్ సంతతి అమెరికన్లను నిర్బంధించిన టోపాజ్ శిబిరంలో డేవ్ తత్సునో చాటుగా తెప్పించుకున్న 8 ఎంఎం కెమెరాతో తీసిన రంగుల దృశ్యాలవి. ఇంటివాళ్ల కోసం తీసుకున్నవి చరిత్రకు సాక్ష్యాలైన సందర్భాలు తక్కువేమీ కాదు.

ఇక క్యాసెట్టు సంగతి. దాని మూలాలు టీవీలో ఉన్నాయి, టీవీ మూలాలు కరెంటులో ఉన్నాయి. యూరప్‌లో కరెంటు సెకనుకు 50 సైకిళ్లు తిరుగుతుంది, అమెరికాలో 60. తొలినాటి టీవీ ఇంజినీర్లు బొమ్మ వేగాన్ని కరెంటు వేగంతో ముడిపెట్టారు. లేకపోతే తెరమీద చారలు పాకేవి. సెకనుకు 50 నిండు బొమ్మలు పంపాలంటే తరంగాల్లో అంత చోటు లేదు. 25 పంపితే తెర మిణుకుమిణుకుమంటుంది. దీనికి దారి 1930లో జర్మనీలోని టెలిఫుంకెన్ కంపెనీలో ఫ్రిట్స్ ష్రోటర్ చూపించాడు. బొమ్మను గీతలుగా విడగొట్టి మొదట బేసి గీతలు, తర్వాత సరి గీతలు పంపాలి. బొమ్మలో సగం చొప్పున సెకనుకు 50 సార్లు. తెర మెరుస్తూనే ఉంటుంది, చోటూ కలిసొస్తుంది. ఈ సగం బొమ్మనే ఫీల్డు అన్నారు, పద్ధతిని ఇంటర్‌లేసింగ్ అన్నారు.

మన దూరదర్శన్ 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో మొదలైనప్పుడు ఎంచుకున్నది 625 గీతల, 50 ఫీల్డుల యూరప్ పద్ధతినే. మన కరెంటు కూడా 50 సైకిళ్లదే. హైదరాబాద్ కేంద్రం 1977లో వచ్చింది. 1982 ఆసియా క్రీడల ఏడాది రంగులొచ్చాయి. ఆ రంగుల పద్ధతి పేరు పాల్. టెలిఫుంకెన్‌లోనే వాల్టర్ బ్రూఖ్ తయారుచేసి 1963లో చూపించింది. 625 గీతల్లో బొమ్మ ఉండేది 576 గీతల్లో. కంప్యూటర్లో పాత క్యాసెట్టు ఫైలు ఎత్తు 576 అని కనబడుతుందే, అది అక్కడి నుంచి వచ్చింది.

వీసీఆర్ మన ఊళ్లకు వచ్చింది కూడా ఆ ప్రాంతంలోనే. గల్ఫ్ నుంచి తిరిగొచ్చే వాళ్ల సామానులో టేప్‌రికార్డర్ తర్వాతి స్థానం దానిదే. పల్లెల్లో టీవీ, డెక్కు కలిపి ఒక రాత్రికి అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసేవారు. ఆ వెనకే పెళ్లి వీడియోలు వచ్చాయి. భుజాన కెమెరాతో ఒకడు, వాడి పక్కనే చేయెత్తి హాలోజెన్ లైటు పట్టుకున్న కుర్రాడు, ఆ లైటు వైరు ఎవరి కాళ్లకు చుట్టుకుంటుందోనని అరిచే మేనమామ. కళ్లు చికిలిస్తూ కూర్చున్న ముత్తైదువలు. తర్వాత మిక్సింగ్‌లో పంతులుగారి మంత్రాలు తీసేసి సినిమా పాటలు వేసేవారు. ఇప్పుడు ఆ వీడియోలు చూస్తే బాధ కలిగేది అక్కడే. పోయినవాళ్ల గొంతు వినాలనుకుంటే ఇళయరాజా వినిపిస్తాడు. ఏ సెట్టింగూ దాన్ని వెనక్కి తేలేదు.

1976లో జపాన్ కంపెనీ జేవీసీ విడుదల చేసిన వీహెచ్‌ఎస్ యంత్రం ఈ ఫీల్డులను టేపు మీద ఎలా రాస్తుందో చూడటం సరదాగా ఉంటుంది. పాల్ డెక్కులో టేపు నత్తనడకన, సెకనుకు 23.39 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. కానీ దాన్ని ఒరుసుకుంటూ 62 మిల్లీమీటర్ల డ్రమ్ము నిమిషానికి 1500 సార్లు తిరుగుతుంది. డ్రమ్ముకు ఎదురెదురుగా రెండు హెడ్లు. ఒక్కొక్క హెడ్డు టేపు మీద ఏటవాలుగా ఒక్కొక్క చార గీస్తుంది. ఒక చార ఒక ఫీల్డు. చార వెడల్పు 49 మైక్రాన్లు, తల వెంట్రుక కన్నా సన్నం. ఒక హెడ్డు నుంచి మరో హెడ్డుకు మారేచోట బొమ్మ అడుగున కొన్ని గీతలు చెదిరిపోతాయి. పాత టీవీలు అంచులను చట్రం వెనక దాచేవి కాబట్టి అది ఎవరికీ తెలియలేదు. కంప్యూటర్ తెరకు దాపరికం లేదు. అందుకే డిజిటైజ్ చేసిన వీడియో అడుగున చింపిరి గీతలు కనబడగానే టేపు పాడైందని కంగారుపడతారు. టేపు బాగానే ఉంది, అది పుట్టుమచ్చ.

తలంబ్రాల ఘట్టం తీసుకుందాం. వధూవరులిద్దరూ దోసిళ్లతో పోటీపడి బియ్యం పోసుకుంటున్నారు. ఒక ఫీల్డులో గింజలు ఒకచోట ఉంటాయి, సెకనులో యాభయ్యో వంతు తర్వాత వచ్చే ఫీల్డులో వేరేచోట. కంప్యూటర్ ఈ రెండు ఫీల్డులనూ ఒకే బొమ్మగా కలిపి చూపిస్తే గింజలు, చేతులు, గాజులు అన్నింటి అంచులూ దువ్వెన పళ్లలా చీలిపోతాయి. దీన్ని సరిచేసేందుకే యాడిఫ్. ఆస్ట్రియాకు చెందిన మిఖాయేల్ నీడర్‌మాయర్ రాసిన ఫిల్టరది. ఒక ఫీల్డులో లేని గీతలను పైనా కిందా ఉన్న గీతలనూ, ముందూ వెనకా వచ్చిన ఫీల్డులనూ చూసి అంచనా వేసి పూరిస్తుంది. పక్కన 0 రాస్తే రెండు ఫీల్డులకు కలిపి ఒక బొమ్మ వస్తుంది, సెకనుకు 25. 1 రాస్తే ప్రతి ఫీల్డుకూ ఒక బొమ్మ, సెకనుకు 50. కెమెరా పట్టిన ప్రతి క్షణమూ నిలుస్తుంది. ఏమీ రాయకపోతే సాఫ్ట్‌వేర్ 0 అనుకుంటుంది. అంటే కాపీ కొట్టిన కమాండులో ఆ 1 జారిపోతే పట్టిన క్షణాల్లో సగం చెప్పాపెట్టకుండా వెళ్లిపోతాయి. బియ్యం జారడంలోని ఆ నునుపు పోయి కొంచెం కొంచెంగా కుదుపుతుంది. ఫైలు సైజు గురించి గంటలు గంటలు వాదించుకునే వాళ్లు కూడా ఈ అంకె దగ్గర ఆగరు.

ఫీల్డుల వరస కూడా చూసుకోవాలి. 1995లో వచ్చిన మినీడీవీ కెమెరాలు కింది ఫీల్డును ముందు రాస్తాయి. చాలా క్యాప్చర్ కార్డులు పై ఫీల్డును ముందు పెడతాయి. తారుమారైతే పెళ్లికూతురు రెండడుగులు ముందుకీ ఒకటి వెనక్కీ వేస్తున్నట్టు వణుకుతుంది.

తెలుగువాళ్ల ఇళ్లలో ఈ కథకు ఒక అమెరికా అధ్యాయం ఉంది. అక్కడి పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. 525 గీతలు, దాదాపు 60 ఫీల్డులు. దాదాపు అనడానికి కారణం 1953లో ఒప్పుకున్న రంగుల సర్దుబాటు. నలుపు తెలుపు టీవీలకు ఇబ్బంది లేకుండా రంగును చొప్పించాలంటే రంగు తరంగమూ శబ్ద తరంగమూ ఒకదాన్నొకటి ఒరుసుకోకూడదు. అందుకని 30 ఫ్రేముల వేగాన్ని వెయ్యిన్నొకటికి వెయ్యి వంతున తగ్గించారు. అది 29.97 అయింది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌లో 30000 బై 1001 అని విచిత్రమైన భిన్నం కనబడేది అందుకే.

ఎనభైలు, తొంభైలలో పెళ్లి చేసుకుని వెంటనే అమెరికా విమానం ఎక్కిన జంటల సూట్‌కేసులో పచ్చళ్లతోపాటు పెళ్లి క్యాసెట్టు ఉండేది. అక్కడి వీసీఆర్‌లో అది చక్కగా పట్టేది, సైజు ఒకటే కదా. బొమ్మ మాత్రం వచ్చేది కాదు. ఆ యంత్రం టేపును సెకనుకు 33.35 మిల్లీమీటర్ల వేగంతో లాగుతూ 525 గీతల కోసం వెతుకుతుంది. దాంతో కన్వర్షన్ చేసే షాపు వెతుక్కోవాల్సి వచ్చేది. అక్కడ 625 గీతలను 525లోకి కుదించి, 50 ఫీల్డులను 60కి సాగదీసేవారు. చాలావాటిలో పక్కపక్క ఫీల్డులను కలగలిపి లేనివాటిని పుట్టించేవారు. ఫలితంగా చాలా కుటుంబాల్లో ఇప్పుడు రెండు క్యాసెట్టులున్నాయి. గుంటూరులోనో వరంగల్లోనో బీరువాలో అసలుది, న్యూజెర్సీలోనో డలాస్‌లోనో కన్వర్ట్ చేసింది. అమెరికాలో ఉన్నవాళ్లు చేతికందింది కదా అని అక్కడిదాన్నే డిజిటైజ్ చేసేస్తారు. అది ఎంత శుభ్రంగా ఉన్నా కలగలిసిపోయిన ఫీల్డులను తిరిగి విడదీయడం అయ్యే పని కాదు. బూజు మరకలున్నా సరే బీరువాలోదే అసలు ఆస్తి.

ఇంతవరకూ చెప్పుకున్నది అనలాగ్ రోజుల సంగతి. టేపు బొమ్మను అంకెలుగా మార్చే కొలత 1982లో కుదిరింది. రెండు పద్ధతులకూ సరిపోయేలా సెకనుకు ఒక కోటీ ముప్పై అయిదు లక్షల శాంపిళ్లు తీయాలని అంతర్జాతీయంగా ఒప్పుకున్నారు. దాన్నిబట్టి ప్రతి గీతలో 720 చుక్కలు. 720ని 576తో చదరపు చుక్కలుగా వేస్తే నిష్పత్తి అయిదుకు నాలుగు వస్తుంది, టీవీదేమో నాలుగుకు మూడు. అందుకే నిష్పత్తి చెప్పకపోతే పాత వీడియోలో అందరూ ఒకింత సన్నబడతారు. దానికి అభ్యంతరం చెప్పేవాళ్లు తక్కువే!

అసలు చిక్కు సైజుతో వచ్చింది. ఆ చుక్కలను కుదించకుండా దాస్తే గంటకు సుమారు 75 గిగాబైట్లు. దీన్ని కుదించే గణితం కథలో మనవాళ్ల పేర్లున్నాయి. బెంగళూరులో పుట్టిన నసీర్ అహ్మద్ అమెరికాలో కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో ప్రొఫెసర్. 1972లో కొసైన్ తరంగాలతో బొమ్మను విడగొట్టే ఆలోచన మీద పరిశోధనకు అక్కడి నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌ను నిధులడిగాడు. రాలేదు. ఆలోచన మరీ సాదాగా ఉందన్నారట. 1973 వేసవి అంతా జీతం లేకుండానే ఆ పని చేశాడు. విద్యార్థి టి. నటరాజన్, టెక్సస్‌లోని ఆర్లింగ్టన్‌లో పనిచేస్తున్న స్నేహితుడు కె.ఆర్. రావు కలిశారు. రావు పూర్తి పేరు కమిశెట్టి రామమోహనరావు, 1952లో మద్రాసు గిండీ ఇంజినీరింగ్ కాలేజీ పట్టభద్రుడు. ముగ్గురి పేర్లతో 1974 జనవరిలో నాలుగు పేజీల వ్యాసం అచ్చయింది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫామ్, పొట్టిగా డీసీటీ. ఫోన్లో తీసే జేపెగ్ ఫొటో నుంచి డీవీడీ దాకా దాని మీదే నడిచాయి, నడుస్తున్నాయి. రావు 2021లో కన్నుమూసేదాకా ఈ రంగంలోనే పుస్తకాలు రాస్తూ ఉన్నారు. వీడియో పంపుకుంటూ రోజంతా గడిపే తెలుగు రాష్ట్రాల్లో ఆయన పేరు ఎంతమందికి తెలుసన్నది వేరే ప్రశ్న.

అది పనిచేసే తీరు ఇది. బొమ్మలో ఎనిమిది నిలువు, ఎనిమిది అడ్డం, మొత్తం 64 చుక్కల చదరం తీసుకుంటారు. ఆ 64 వెలుగు విలువలను మరో 64 అంకెలుగా మారుస్తారు. మొదటిది చదరం సగటు వెలుగు, మిగతావి క్రమంగా సన్నని, ఇంకా సన్నని నగిషీలు. మామూలు బొమ్మల్లో సన్నని నగిషీల అంకెలు చాలావరకు సున్నాకు దగ్గరే. ఒక కొలమెట్టు పెట్టి అన్నింటినీ దానితో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తే సగానికి పైగా సున్నాలవుతాయి. సున్నాల వరసను దాయడానికి చోటెంత కావాలి? పోగొట్టుకునేది ఈ సవరింపు దగ్గరే. కొలమెట్టు పెద్దదైతే ఫైలు చిన్నది, బొమ్మ ముతక.

1988లో ఇటలీకి చెందిన లియోనార్డో కియారిలియోనె, జపాన్‌కు చెందిన హిరోషి యసుదా చొరవతో ఎంపెగ్ అనే ప్రమాణాల బృందం ఏర్పడింది. దాని మొదటి ఫలంతో 1993లో వీడియో సీడీ వచ్చింది. ఆసియాలో అది ప్రభంజనమే. పెళ్లి వీడియోలు కూడా సీడీలకు మారాయి. దాని కొలత 352కు 288, సెకనుకు 25. అంటే 720కి 576 చుక్కల్లో నాలుగో వంతు మిగుల్చుకుని, ఒక ఫీల్డును పూర్తిగా వదిలేసినట్టే. రెండు వేల సంవత్సరం తర్వాత ఎందరో ఇంట్లో క్యాసెట్టులన్నీ సీడీల్లోకి ఎక్కించి, ఇక అడ్డమెందుకని క్యాసెట్టులను పారేశారు. ఆ ఇళ్లలో తలంబ్రాల గింజలు ఇప్పుడు ఒట్టి తెల్లమరక.

వీడియో సీడీ రోజుల్లో ఎన్‌కోడింగ్ అంటే పళ్లెంలో పట్టించడమే. సెకనుకు ఇన్ని బిట్లు అని ముందే కట్టుబాటు. దీపం వెలిగించే నిశ్చల దృశ్యానికీ, బారాత్‌లో బ్యాండు మేళం గెంతులకూ ఒకే రేషను. ఆ కట్టుబాటు తెగిన చోటే సీఆర్‌ఎఫ్ పుట్టింది. 2003లో హెచ్.264 అనే కొత్త ప్రమాణం ఖరారైంది. పారిస్ దగ్గరి ఎకోల్ సెంత్రాల్ విద్యార్థులు అప్పటికే వీడియోల్యాన్ అనే ప్రాజెక్టు నడుపుతున్నారు. ఆటలాడుకోవడానికి హాస్టల్ నెట్‌వర్కు మందకొడిగా ఉందని, దాన్ని బాగుచేయించుకోవడానికి నెట్‌వర్కులో టీవీ చూపిస్తామంటూ మొదలుపెట్టిన పని అది. వీఎల్‌సీ ప్లేయర్ వాళ్లదే. ఆ గూటినుంచే లోరాన్ ఎమార్ ఎక్స్264 ఎన్‌కోడర్ మొదలుపెట్టాడు. ఆ తర్వాత లోరెన్ మెరిట్, జేసన్ గారెట్ గ్లేజర్ దాన్ని పైకి తెచ్చారు. దీన్ని లోపల పెట్టుకుని నడిపించే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌ను ఫ్రెంచి ప్రోగ్రామర్ ఫాబ్రీస్ బెలార్ 2000లో జెరార్ లాంతో అనే మారుపేరుతో మొదలుపెట్టాడు.

సీఆర్‌ఎఫ్ 0 నుంచి 51 దాకా ఉంటుంది. ఎంత సైజులో ఇరికించాలన్న ప్రశ్నను పక్కనబెట్టి ఎంత బాగుండాలని అడుగుతుంది. కొలమెట్టు ప్రతి ఆరు అంకెలకూ రెట్టింపవుతుంది. కాబట్టి 18 నుంచి 24కు పోతే ఫైలు ఇంచుమించు సగమవుతుంది. ఏమీ చెప్పకపోతే 23 తీసుకుంటుంది. ప్రీసెట్ అనేది ఎన్‌కోడర్‌కు ఇచ్చే తీరిక. అల్ట్రాఫాస్ట్ నుంచి వెరీస్లో దాకా తొమ్మిది, ఆపైన ప్లాసిబో అని పదోది. ఆ పదోది వేళాకోళానికి పెట్టిన పేరే. కంప్యూటరును గంటలకొద్దీ మండించి చెప్పుకోదగ్గ తేడా ఏమీ చూపదు. అయినా దాన్నే ఎంచుకునేవాళ్లు ఉన్నారు.

క్యాసెట్టుల దగ్గర ఒక తిరకాసుంది. టేపు నిండా చీమలు పాకినట్టు సన్నని గురగుర. ఏ రెండు ఫ్రేముల్లోనూ అది ఒకేలా ఉండదు. ఎన్‌కోడర్ దాన్ని అపురూపమైన వివరమనుకుని బిట్లు ధారపోస్తుంది. అందుకే నాసిరకం టేపు ఫైలు మంచి కెమెరా ఫైలు కన్నా బరువుగా తేలి ఆశ్చర్యపరుస్తుంది. మితంగా గురగుర తగ్గించే ఫిల్టర్లున్నాయి. మోతాదు మించితే అమ్మమ్మ ముఖం మీది ముడతలు కూడా తుడుచుకుపోయి మైనపు బొమ్మ మిగులుతుంది. అంతకన్నా గురగురే నయం.

రంగుల దగ్గరున్న 420 సంగతి. కంటికి వెలుగు తేడా తెలిసినంతగా రంగు తేడా తెలియదు. వెలుగునూ రంగునూ విడివిడిగా పంపే పద్ధతికి ఫ్రెంచి ఇంజినీరు జార్జ్ వాలెన్సీ 1938లోనే పేటెంటు కట్టాడు. 420 అంటే నాలుగు చుక్కలకు కలిపి ఒకే రంగు. వీహెచ్‌ఎస్ ఇంకా పిసినారి. రంగునంతా 627 కిలోహెర్ట్జ్ దగ్గర అడుగున కుక్కుతుంది. గీత పొడవునా రంగు మారగలిగేది నలభై చోట్లకు మించదు. మధుపర్కాల తెల్ల చీర మీది ఎర్రంచు పక్కనున్న తెలుపులోకి కారిపోయినట్టు కనిపించేది అందుకే. కాబట్టి వీహెచ్‌ఎస్‌కు 420తో అడ్డంగా పోయేదేమీ లేదు. నిలువునా మాత్రం, ఇంటర్‌లేస్ విడదీయకముందే 420కి మారిస్తే రెండు ఫీల్డుల రంగులూ కలిసిపోతాయి. విడదీశాకే మార్చాలి. కమాండులో వరస మాట పట్టింపు కోసం కాదు.

పాత సామాన్లు భద్రపరిచే సంస్థలు సీఆర్‌ఎఫ్ జోలికే పోవు. చుక్క కూడా పోకుండా కుదించే ఎఫ్‌ఎఫ్‌వీ1 వాటి దారి. 2003లో ఇదే నీడర్‌మాయర్ రాసింది. వియన్నాలోని ఆస్ట్రియా మీడియాటెక్ దాన్ని ముందుగా నమ్ముకున్న సంస్థల్లో ఒకటి. 2021లో దాని నిర్దేశాలు ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ పత్రంగా వెలువడ్డాయి. 75 గిగాబైట్లను సుమారు సగానికి తెస్తుంది. ప్రతి ఫ్రేము ముక్కకూ ఒక సరిచూపు అంకె రాసిపెడుతుంది. హార్డ్‌డిస్కులో ఒక బిట్టు చెడినా ఏ ఫ్రేములో చెడిందో తెలిసిపోతుంది. ఇంట్లోవాళ్లు కూడా ఇలా ఒక అసలు ప్రతి ఉంచుకుని, ఫోన్లో చూసుకోవడానికి సీఆర్‌ఎఫ్ 18తో ఇంకొకటి చేసుకుంటే ఏ సెట్టింగు తప్పినా మళ్లీ చేసుకోవచ్చు. ఈ ఒక్క పని చేశాక 18కీ 20కీ మధ్య తగువు తీరిక వేళల్లో పెట్టుకోవచ్చు.

తీరిక లేనిది టేపు దగ్గర. ఆస్ట్రేలియా జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం 2015లోనే 2025ను గడువుగా ప్రకటించింది. టేపు పూతలు రాలిపోవడం ఒక ఎత్తు, ఆడించే యంత్రాలు లేకపోవడం మరో ఎత్తు. వీసీఆర్‌లు చేస్తూ మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ విడిభాగాలు దొరకడం లేదని 2016 జూలైలో తయారీ ఆపేసింది. ఇప్పుడు డెక్కు కావాలంటే పాత సామాను దుకాణాలే గతి. తెచ్చాక రబ్బరు బెల్టు సాగిపోయి ఉంటుంది, పించ్ రోలరు నున్నబడి ఉంటుంది.

ఇటీవల కొందరు ఔత్సాహికులు వీసీఆర్ లోపలి సర్క్యూట్లనే పక్కనపెడుతున్నారు. హెడ్డు నుంచి సంకేతం వచ్చే చోట ఒక వైరు అతికించి, టేపు మీద ఉన్నదాన్ని ఉన్నట్టుగా కంప్యూటర్లోకి పట్టేస్తున్నారు. దాన్ని బొమ్మగా, రంగుగా, శబ్దంగా విడదీసే పనంతా వీహెచ్‌ఎస్ డీకోడ్ అనే సాఫ్ట్‌వేర్ చేస్తుంది. దాని మూలం లేజర్ డిస్కుల కోసం రాసిన మరో ప్రోగ్రాములో ఉంది. 1986లో బీబీసీ తెచ్చిన డోమ్స్‌డే డిస్కులను బతికించే ప్రయత్నానికీ ఆ ప్రోగ్రామే అక్కరకొచ్చింది. ఈ పద్ధతిలో రంగు ఎలా తీయాలి, వణికే గీతలను ఎలా నిలబెట్టాలి అన్నవి కూడా కమాండులో సెట్టింగులైపోయాయి. నచ్చకపోతే పదేళ్ల తర్వాత ఇంకోలా తీసుకోవచ్చు. డెక్కు పాతదైనా, దాని వీడియో అవుట్‌పుట్ చచ్చిపోయినా ఫరవాలేదు. టేపు తిరగాలి, హెడ్డు అరగకుండా ఉండాలి.